చేత్తో తిప్పిన పాట

సాన అక్క ఉద్యోగం పాట తిప్పడం. పాడడం కాదు, తిప్పడమే. బజారు మలుపులో పాటల కొట్టు ఉండేది. టికెట్టు కొనుక్కుని లోపల బల్లల మీద కూర్చుంటే ఎదురుగా ఒక చెక్కపెట్టె, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద నల్లటి రికార్డు, పైన నోరు తెరుచుకున్న రేకు బాకా. ఆ పళ్ళెం తనంతట తాను తిరగదు. పెట్టె పక్కన ఒక పిడి ఉంటుంది. పాట మొదలైంది మొదలు అయిపోయేదాకా ఎవరో ఒకరు దాన్ని తిప్పుతూనే ఉండాలి. చెయ్యి నెమ్మదిస్తే పాడే ఆవిడ గొంతు దున్నపోతు గొంతైపోతుంది. చెయ్యి తొందరపడితే అదే గొంతు చిట్టెలుకలా కీచుమంటుంది. మధ్యలో ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు.

సాన అక్కకి ముందు ఆ పని మగవాళ్ళు చేసేవారు. ఒకాయన పాటకి తనే మురిసిపోయి, మంచి చరణం రాగానే ఊగిపోతూ తిప్పేవాడు. ఇంకొకాయన జోలపాట తిప్పుతూ నిద్రపోయాడు. పాట కూడా ఆయనతోపాటే పడుకుంది. అప్పుడు కొట్టు యజమానికి, వీధి వీధీ తిరిగి కత్తులకీ కత్తెరలకీ సాన పట్టే ఆయన కూతురు గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ తండ్రి కత్తి పడితే ఈమె చక్రం తిప్పేది. చక్రం ఒక్కసారి జర్రున లాగిందంటే తండ్రి వేలు తెగేది. ఆ భయంతోనే ఆమె చేతికి ఒకటే నడక అబ్బింది. పేరు మాత్రం తండ్రి పనిదే మిగిలింది.

యంత్రాల పుట్టుపూర్వోత్తరాలు రాసే పెద్దలు స్ప్రింగు ఎవరు పెట్టారు, బాకా ఎవరు వంచారు అని పేజీలకి పేజీలు రాస్తారు. స్ప్రింగు రాకముందు ఆ పళ్ళాన్ని తిప్పిన భుజాలు ఎవరివో ఒక్క వాక్యం రాయరు. కనిపెట్టినవాళ్ళకి పేటెంటు ఇస్తారు. తిప్పినవాళ్ళకి ఇచ్చేది భుజం నొప్పి. సాన అక్కకి కూడా అదే దక్కింది.

ఆమె భర్త పోయాక చెల్లెలి ఇంట్లో, మేడమీద వెనక గదిలో ఉండేది. ముందు గదిలో కిటికీ పక్కన చెల్లెలి భర్త గడియారాలు బాగుచేసే బల్ల. నొప్పి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే యజమాని చెవిన పడుతుంది, పడితే మర్నాటికి పిడి దగ్గర ఇంకో మనిషి నిలబడతాడు. చెల్లెలే కనిపెట్టింది.

"ఏంటే అక్కా, నీ జడ రోజురోజుకీ ఎడమపక్కకి పోతోంది?"

"ఫ్యాషను."

"నీ మొహం ఫ్యాషను. ఏదీ, కుడిచెయ్యెత్తు."

చెయ్యి చెవి దాకా లేచి అక్కడ ఆగిపోయింది. చెల్లెలు దువ్వెన లాక్కుని తనే జడ వేసింది, కాస్త గట్టిగానే.

కిటికీ దగ్గర మరిది కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే ఇటు తిరిగాడు. గడియారాల పనిలో దిట్టే కానీ, నోట్లో నువ్వుగింజ నానదు.

"వదినా, ఇన్ని గడియారాలున్నాయి, వీటిని నేను పగలూ రాత్రీ చేత్తో తిప్పుతున్నానా? స్ప్రింగుకి కీ ఇస్తే అదే చూసుకుంటుంది. నీ పెట్టెలో కూడా ఒకటి పెట్టేస్తే పోలా?"

"పెడితే నేనేం చెయ్యాలయ్యా? దానికి విసనకర్రతో విసరాలా?"

నవ్వుతూ అన్నా ఆమె ఇరకాటం అదే. తిప్పితే చెయ్యి పోతుంది. తిప్పకపోతే ఉద్యోగం పోతుంది. రెండురోజులు ఆలోచించి, ఉద్యోగం ఇంకెక్కడైనా దొరకొచ్చు గానీ చెయ్యి దొరకదని తేల్చుకుంది. ముందు స్ప్రింగు సంగతి చూద్దాం, పిడి సంగతి తరవాత. కొట్లో బాకా సొట్టపోయిన పాత పెట్టె ఒకటి మూల పడి ఉంది. అడిగితే యజమాని, "తీసుకుపోవమ్మా, నాకు చోటు కలిసొస్తుంది" అన్నాడు. ఆయన పారేస్తున్న వస్తువు ఇంకెవరికైనా పనికొస్తుందని ఆయనకి ఎప్పుడూ తోచేది కాదు, మనుషుల విషయంలో కూడా.

మరిది గోడగడియారం స్ప్రింగు తెచ్చి పెట్టెలో బిగించాడు. కీ ఇచ్చి, అరిగిపోయిన రికార్డు ఒకటి పెట్టి వదిలాడు. పాట తరుముకొస్తున్నట్టు పరుగెత్తుతూ మొదలై, నడిమికి వచ్చేసరికి నడకకి దిగి, చివరి చరణంలో ఆవులింతలు పెట్టింది.

"అంతేగా మరి," అంది సాన అక్క. "కొత్తగా చుట్టిన స్ప్రింగుకి బలం ఎక్కువ, విప్పుకునే కొద్దీ నీరసం. పొద్దున్న నేను, సాయంత్రం నేను ఒకటేనా?"

"నువ్వు మాత్రం ఒకేలా తిప్పుతావుగా?"

"నాకు బుర్రుంది. దానికి లేదు."

మాట చిన్నదే కానీ మరిదికి పట్టుకుంది. స్ప్రింగుకి బుర్ర ఎక్కడినుంచి తేవాలి? ముందు రేకు ముక్కలతో చిన్న ఫ్యాను చేసి ఇరుసుకి తగిలించాడు. గాలి ఆపుతుందిలే అనుకుంటే అది పాట కంటే గట్టిగా బుయ్యిమంది. ఆ తరవాత పిండి మిల్లుకి వెళ్ళిన చెల్లెలు, పిండి డబ్బా అక్కడే వదిలేసి పరుగున వచ్చి మొగుణ్ణి లాక్కుపోయింది. మిల్లు ఇంజను మీద రెండు ఇనప గుండ్లు గిరగిరా తిరుగుతుంటాయి. ఇంజను జోరెక్కితే గుండ్లు బయటికి విచ్చుకుంటాయి, అవి విచ్చుకుంటే ఆవిరి తగ్గుతుంది. ఇంజను తనకి తనే ముక్కుతాడు వేసుకుంటుందన్నమాట.

మరిది చిన్న సీసం గుండ్లు పోసి, పాత గడియారం స్ప్రింగు ముక్కలకి అతికించి, ఇరుసు చుట్టూ నిలబెట్టాడు. పళ్ళెం జోరెక్కగానే గుండ్లు విచ్చుకుంటాయి, వాటితోపాటు ఒక చిన్న బిళ్ళ పైకి లేచి ఒక తోలు ముక్కకి రాసుకుంటుంది. ఆ రాపిడికి జోరు తగ్గుతుంది. తగ్గితే గుండ్లు ముడుచుకుంటాయి, తోలు వదిలేస్తుంది. తోలు ముక్క దగ్గరికీ దూరానికీ జరపడానికి ఒక మర. తోలు ఎక్కణ్ణుంచి తెచ్చాడంటారా? ఆ సాయంత్రం ఆయన ఒక కాలికి చెప్పుతోనూ ఇంకో కాలికి తాడుతోనూ కనిపించాడు.

ఈసారి పాట మొదట్నించి చివరిదాకా ఒకే నడక నడిచింది. మరిది గర్వంగా చూశాడు. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేంటండీ, ఆవిడకి జలుబు చేసినట్టుంది?" అంది చెల్లెలు.

"బాగా నెమ్మదైంది," అంది సాన అక్క. "మర తిప్పు."

"తిప్పను. రికార్డు సంచీ మీద నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో అచ్చేసి ఉంది. పళ్ళెం అంచున కాగితం ముక్క అంటించి, గడియారం పెట్టుకుని మరీ చూశాను. ఇదే సరైన జోరు. నువ్వే ఇన్నాళ్ళూ పరిగెత్తిస్తున్నావు వదినా."

సాన అక్కకి కోపం వచ్చింది. తన చెయ్యి తప్పంటాడా! అంతలోనే పాత మాట ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో యజమాని ఆమె వెనకాల నిలబడి, "కానీ కానీ, బయట జనం ఆగరు, కానీ" అనేవాడు. పాట తొందరగా అయిపోతే ఇంకో గుంపుని లోపలికి తోలచ్చు. ఆ "కానీ"లు ఆయన మానేసి చాలా కాలమైంది, చేతిలో మాత్రం ఉండిపోయాయి. ఊరు ఊరంతా ఆ జోరులోనే పాటలు నేర్చుకుంది. బళ్ళో పాడే ఆడపిల్లలు పైస్థాయి అందక గొంతులు చించుకునేది అందుకా!

"సరైనదే ఉంచు," అంది చివరికి. "మర ముట్టుకోకు. ఎవరికీ చెప్పకు, కొట్టువాడితో ఎలా మాట్లాడాలో నేను చూసుకుంటాను."

ఎవరికీ చెప్పకు అన్న మాట మరిదికి మర్నాడు టీ తాగేదాకా గుర్తుంది. టీ కొట్లో యజమాని కనిపించాడు. అంతే. గుండ్లు, బిళ్ళ, తోలు, చెప్పు, అన్నీ చెప్పేశాడు. ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పేసరికి పెళ్ళాం చేతిలో గరిటె ఉంది, అదృష్టవశాత్తూ గిన్నెలోనే ఉంచింది.

"మా అక్క ఉద్యోగాన్ని టీలో ముంచుకు తాగొచ్చారా? గడియారమైనా గంటకొకసారే మోగుతుంది కదండీ!"

సాయంత్రం యజమాని సాన అక్కని పిలిచాడు. "మంచిదమ్మా, నీకూ శ్రమ తప్పుతుంది. ఆదివారం నలుగురిలో పాడించి చూద్దాం. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. ఆదివారం మాత్రం వచ్చి పిడి పెట్టె దగ్గర నిలబడు. ఎందుకైనా మంచిది." అంటే, పనిలోంచి తీసేసే రోజున కూడా పని చెయ్యాలి. యజమానుల లెక్కలో ఇందులో వింతేం లేదు.

ఆదివారం కొట్టు ముందు "చెయ్యి పెట్టకుండా పాడే యంత్రం" అని బోర్డు వేలాడింది. బల్లలు నిండిపోయాయి. మరిది కొత్త చెప్పులతో వచ్చి, కీ ఇచ్చి, పక్కకి తప్పుకున్నాడు. ఊరందరికీ నోటికొచ్చిన పాటే పెట్టారు. మొదటి చరణం కాకముందే గొడవ మొదలైంది.

"ఏంటండీ ఇది, పాటా? మూలుగా?"

"ఆవిడకి ఒంట్లో బాగోలేనట్టుంది. ఎవరైనా కషాయం పట్టండి!"

"మా పాట మాక్కావాలి. అక్కని తిప్పమనండి!"

యజమాని బోర్డు గుర్తొచ్చి ఎర్రబడ్డాడు, తరవాత తెల్లబడ్డాడు. మరిదితో "ఎత్తుకుపో నీ తుక్కు" అని, సాన అక్క వైపు తిరిగి గొంతులో తేనె పోసుకున్నాడు. "అమ్మా, నువ్వే కానీ. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రేపు, ఎల్లుండి, ఎప్పటికీ నువ్వే."

పోయిన ఉద్యోగం నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. నోరు మూసుకుని పిడి పట్టుకుంటే చాలు. చెల్లెలు వెనక బల్ల మీంచి చూస్తోంది. సాన అక్క పిడి మీద చెయ్యి వేసింది. మళ్ళీ తీసేసింది.

"నేను తిప్పనండి," అంది. ఆ తరవాత బల్లల వైపు తిరిగింది. "మీరు ఇన్నాళ్ళూ విన్నది ఆవిడ పాట కాదు, నా తొందర. వెనకాల నిలబడి కానీ కానీ అంటే, నేను కానిచ్చాను. అలా కానిచ్చిన చెయ్యి ఇది, చూడండి." కుడిచెయ్యి ఎత్తింది. అది చెవి దగ్గర ఆగింది. "ఆవిడ పాడినది ఈ పెట్టెలో ఉంది. ఒక్కసారి చివరిదాకా వినండి. నచ్చకపోతే లేచి పొండి, నన్ను మాత్రం తిప్పమనకండి."

యజమాని ఏదో అనబోయాడు. ముందు బల్ల మీది ఆసుపత్రి నర్సమ్మ, "మీరు కాసేపు ఊరుకోండి" అంది. సూదిమందు వేసే మనిషి ఆ గొంతుతో అంటే ఎవరైనా ఊరుకోవాల్సిందే.

మరిది మళ్ళీ కీ ఇచ్చాడు. పాట మొదలైంది. కొందరు ముసిముసిగా నవ్వారు, ఒకాయన కావాలని దగ్గాడు. రెండో చరణం దగ్గర నర్సమ్మ చెయ్యెత్తింది.

"ఉష్! ఆవిడ ఊపిరి తీసుకుంటోంది."

అందరూ చెవులు రిక్కించారు. నిజమే. చరణానికీ చరణానికీ మధ్య చిన్న చప్పుడు, ఒక మనిషి గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు. ఇన్నేళ్ళలో ఆ ఊరు దాన్ని వినలేదు. పరుగులో అది నలిగిపోయి పెట్టె గరగరలో కలిసిపోయేది. పాట అయిపోయాక ఎవరూ లేవలేదు.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాడు ఇందాక దగ్గినాయన.

యజమాని తెలివైనవాడే, బల్లలు చూశాడు, పెట్టె చూశాడు. మరిది భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడే ఉంచెయ్యవయ్యా, కీ ఇవ్వడానికి మా ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరుంటారు" అన్నాడు.

మరిది నోరు తెరిచాడు. వెనక బల్ల మీంచి పెళ్ళాం దగ్గింది. జీవితంలో మొదటిసారి ఆయన ఆచితూచి మాట్లాడాడు.

"పెట్టె మా వదినదండీ. మీరే ఇచ్చారు, చోటు కలిసొస్తుందని. ఆవిడ ఎక్కడుంటే అది అక్కడుంటుంది."

"అయితే నీ షరతులేంటమ్మా?" అన్నాడు యజమాని, పుల్లటిది నమిలినట్టు.

"కీ ఎడమచేత్తో ఇస్తాను. రికార్డు మీద ఆనించే సూది నేనే మారుస్తాను. మర మీద మీ చెయ్యి పడకూడదు. జీతం ఇదివరకటిదే. నా వెనకాల మాత్రం ఎవరూ నిలబడకూడదు."

"చెయ్యి నొప్పి తగ్గాక పిడి కూడా..."

"తగ్గనివ్వండి, అప్పుడు ముందు నా జడ నేను వేసుకుంటాను. మా చెల్లెలు మొగుడి మీద కోపమంతా నా జుట్టు మీద చూపిస్తోంది."

చెల్లెలు ఫక్కున నవ్వింది. బల్లలు నవ్వాయి. యజమాని బయటికెళ్ళి తర్వాతి గుంపుకి, ఇంకాస్త ఆగాలి, లోపల పాట ఇంకా అవలేదని చెప్పాడు.