ఆ ఏడుపు నాది కాదు

ఒక ఏడుపు ఇరవై ఏళ్లకు పైగా నా పేరు మీద చలామణి అవుతోంది. మొదట్లో అది బరువని కూడా తెలియలేదు, మెడలో వేసిన దండలాగే ఉండేది. ఎప్పటి నుంచి మెడ నొప్పి పుట్టిందో చెప్పలేను. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. మా వాళ్లది గుంటూరు వైపు. వ్యాపారం కోసం నాన్న సికింద్రాబాద్ వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డారు. నా గొంతు బాగుంటుందని చిన్నప్పటి నుంచి అందరూ అనేవారు. మొహం గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నాతో నాటకాలు వేసిన ప్రభాకర్ అప్పట్లో ఒక దయ్యం సినిమా తీశాడు. కాలేజీలో మాకు పాఠంగా ఉన్న పాత ఇంగ్లిష్ నవలను తెలుగు జమీందారు బంగళాలోకి తెచ్చాడు. ఆ ఇంటి యజమానురాలు చనిపోయి ఉంటుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. పనివాళ్లను పిలుస్తూ, ఎవరూ పలకడం లేదని కోపగించుకుంటూ గదులన్నీ తిరుగుతుంది. చివరికి గోడ మీద తన ఫోటోకే దండ వేసి ఉండటం చూస్తుంది. అంతే కథ. అల్వాల్ అవతల, రైలు పట్టాల పక్కన, పెచ్చులూడిన బంగళా ఒకటి అద్దెకు దొరికింది. పొగమంచు కావాలంటే ఇనప మూకుడులో నిప్పుల మీద సాంబ్రాణి వేసేవాళ్లం. బూజు మాత్రం తెచ్చుకోనక్కర్లేదు. బంగళాలోనే కావలసినంత ఉంది.

ఆ వేషం నేను అడిగాను. ప్రభాకర్ కాస్త మొహమాటపడి, సౌండ్ పని చూడమన్నాడు. వేషం షాహీన్‌కు ఇచ్చాడు. మోండా మార్కెట్‌లో వాళ్ల నాన్నకు గాజుల దుకాణం, ఇల్లు బోయిన్‌పల్లిలో. దుకాణంలో ఎవరితోనో బేరమాడుతుంటే ప్రభాకర్ చూశాడట. కెమెరా ముందు అంతకు ముందెప్పుడూ నిలబడని పిల్ల. మొదటి రోజు నుంచే నన్ను అక్కా అంది. డబ్బాలో ఖట్టీ దాల్, అదే వాళ్లింటి పుల్లటి పప్పు, తెచ్చుకుంటే సగం నాకు పెట్టేది. ఇది రాయకుండా ఉంటే నాకు బాగుండేది.

షాహీన్ నోట ఆ జమీందారు భార్య ‘గిట్ల ఎవ్వరు పలుకరేందీ’ అనేది. ప్రభాకర్ మార్చమనలేదు. ఆ మాటలో ప్రాణముంది, గొంతు ఆమెదే ఉంచుదాం అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను లోపల్లోపల నవ్వుకున్నాను. అది నవ్వేనా? ఈ యాసకు జనం నవ్వుతారని నిజంగా అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఫోటో సీను ఒక మధ్యాహ్నం, కిటికీలకు నల్లగుడ్డ కట్టి తీశారు. సాంబ్రాణి పొగకు షాహీన్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఫోటో ముందు నిలబడి చాలాసేపు ఏమీ చేయలేదు. తర్వాత ఒక శబ్దం వచ్చింది. ముందు దగ్గులా ఉంది, ఆ తర్వాత ఎవరినో పిలవబోయి ఆగినట్టు, చివరికి ఏడుపు. అది నా తల లోపలే పుట్టినట్టు వినిపించింది. కట్ చెప్పడం ప్రభాకర్ మరిచిపోయాడు. ఆ క్షణంలో నేను ఆమెను మెచ్చుకున్నానని మీకు చెప్పాలనుంది. నిజమే, మెచ్చుకున్నాను. అదే నన్ను కాల్చింది.

నేను చేసింది ఇది. రెండు మూడు షాట్లలో రైలు చప్పుడు పడింది. వాటినే ప్రభాకర్‌కు వినిపించి, సౌండ్ అంతా ఇలాగే పాడైంది, మొత్తం డబ్బింగ్ చెప్పాల్సిందే అన్నాను. షాహీన్‌ను పిలుద్దామా అని అడిగాడు. కొత్త పిల్ల, పెదాలకు మాట కలపడం రాదు, నేను చెప్పేస్తాను అన్నాను. నా చెవుల మీద అతనికి నమ్మకం. సరే అన్నాడు.

స్టూడియోలో ఒక్కదాన్నే కూర్చుని ఆమె మాటలన్నీ తుడిచేసి నా మాటలు పెట్టాను. చక్కటి కోస్తా తెలుగు, ఎక్కడా అక్షరం జారలేదు. ఏడుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఎన్నిసార్లు ఏడ్చానో! ప్రతిసారీ అది నాటకంలో ఏడుపే అయింది. విసుగొచ్చి, పాడైందని నేనే చెప్పిన టేపులోంచి షాహీన్ ఏడుపు తీసి, నా మాటల చివర అతికించాను. అందులో మాటల్లేవు కదా, యాస బయటపడదు. అతుకు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియకుండా చేశాను. పని బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

సినిమా మొదటిసారి చిన్న ప్రివ్యూ హాల్లో వేశారు. అయిపోయాక ప్రభాకర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఇంత ఏడుపు ఎక్కడ దాచుకున్నావని అడిగాడు. నేను తల దించుకున్నాను. అది వినయమనుకున్నాడు. ఆ రోజు విన్న ఏడుపునే నేను అచ్చంగా దించానని నమ్మాడు.

షాహీన్ వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డారు.

“అక్కా, మాటలు మీవి గదా? బాగున్నయ్,” అంది షాహీన్. కాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. “ఆఖర్ల ఏడ్సింది మాత్రం నేనే గదా?”

అక్కడే చెప్పి ఉండొచ్చు. అవును అంటే సరిపోయేది. ఒక్క మాట.

“లేదమ్మా. అది కూడా నేనే. నీ సౌండ్ అంతా పాడైపోయింది,” అన్నాను.

వాళ్లమ్మ నా మొహంలోకి చూసింది. “నా బిడ్డ ఏడుపు నాకెరుక లేదా అమ్మా? పుట్టినకాంచి ఇంటున్న.”

“అమ్మీ, ఊకో! అక్క అబద్ధం ఎందుకు చెప్తది?” అని షాహీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. నా వైపు తిరిగి నవ్వింది. “నేనే అనుకున్నక్కా. మస్తు చేసిన్రు.”

ఆమె మళ్లీ నటించలేదు. నా వల్లేనా? తెలియదు. పెళ్లి కుదిరిందని విన్నాను. నా వల్ల కాదని చెప్పుకోవడానికి ఆ పెళ్లిని చాలాసార్లు వాడుకున్నాను.

సినిమా ఆడలేదు. ఏడుపు మాత్రం ఆడింది. అది విని నన్ను పిలిచారు, ఆ పిలుపుల మీదే నా జీవితం నిలబడింది. ఆ తర్వాత నేను నా సొంత గొంతుతో చెప్పిన మంచి డబ్బింగ్ కూడా ఉంది. కానీ తలుపు తీసింది ఆ ఏడుపే. అలా ఎలా ఏడవాలో డబ్బింగ్ నేర్చుకునే పిల్లలకు పాఠం కూడా చెప్పాను. పోయిన మా అమ్మమ్మను తలుచుకున్నానని చెబితే ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. సిగ్గు లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. సిగ్గుతోనే చెప్పాను, అయినా చెప్పాను.

ఈ మధ్య ఎవరో ఆ సినిమాను ఇంటర్నెట్‌లో పెట్టారు. కుర్రాళ్లు ఆ ఏడుపును కత్తిరించి ఫోన్లలో పంపుకుంటున్నారు. మా అబ్బాయి నాకే వినిపించి, “అమ్మా, నువ్వేనటగా!” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ వారమే మోండా మార్కెట్‌కు వెళ్లాను. గాజుల దుకాణం ఇంకా ఉంది. షాహీన్ తమ్ముడు కూర్చున్నాడు. అచ్చం ఆమె ముక్కే. చేతి సైజు అడిగాడు, చెప్పాను. గాజులు కొనుక్కుని వచ్చేశాను. అక్క ఎలా ఉందని అడగలేదు. మళ్లీ వెళ్తానని ఇక్కడ రాస్తే మీరు నన్ను కాస్త మంచిదాన్ని అనుకుంటారు. అందుకని రాయను.

ప్రభాకర్ ఇప్పుడు లేడు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. నా పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు, ఆమె పేరు మాత్రం రాశాను. దండ వేసిన ఫోటో ముందు ఏడ్చింది బోయిన్‌పల్లి షాహీన్. ఈ ఒక్క వాక్యం రాశాక లేచి మంచినీళ్లు తాగొచ్చాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఇంత తేలిక నాకు దక్కడం న్యాయం కాదేమో.

ఆ రోజు వాళ్లమ్మ సరిగ్గానే విన్నది.