రాయప్ప గారి కాలు జారలేదు

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. చీమ కనిపిస్తే దానికి దంతాలు పెడతాను, దంతాలు పెట్టాక వీపున అంబారీ కూడా కడతాను. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది, మిగిలిన సగాన్ని ఎవరినైనా అడిగి నిర్ధారించుకుంటుంది. నవ్వుల వ్యాసాలు రాసి వారపత్రికల్లో కాస్త పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఇది మాత్రం పేరు లేకుండా రాస్తున్నాను.

ఎన్నో ఏళ్లుగా నేనొక కారును మోస్తున్నాను. ఇందులో అతిశయోక్తి లేదు. పడుకుంటే గుండెల మీద ఉంటుంది, లేస్తే వీపు మీద ఉంటుంది. దించుకుందామంటే దించుకునే చోటు లేదు. మీకు నేనెవరో తెలియదు, నాకు మీరెవరో తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

తొంభైల చివర్లో నేను బెంగళూరు హూడిలో ఒక వఠారంలో అద్దెకుండేవాణ్ణి. ఒకే ఆవరణలో రెండు వరసల ఇళ్లు, మధ్యలో సన్నటి దారి. ఒకరి ఇంట్లో తాలింపు పెడితే వఠారమంతా తుమ్మేది. యజమాని రాయప్ప గారు. అసలు పేరు ఇది కాదు. తాతల నాడే రాయలసీమ నుంచి వచ్చి అక్కడ పాతుకుపోయిన కుటుంబం. జీవితమంతా ఫ్యాక్టరీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తిరిగిన ఆయన, రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నారు. ఆ కారు ఎంత పాతదంటే, హారన్ కొడితే దగ్గినట్టుండేది. ప్రతి ఆదివారం భార్య జయమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని హొసకోటెలో ఉన్న కూతురింటికి వెళ్లేవారు. స్టీరింగు పట్టుకోగానే ఆయన నడుము నిటారుగా అయ్యేది. ఆయనకున్న సంబరం అదొక్కటే.

ఇప్పుడు ఆ దసరా సంగతి.

ఆయుధపూజ నాడు బెంగళూరులో బండి ఉన్న ప్రతివాడూ దాన్ని కడిగి, విభూతి పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతాడు. మన వాళ్ల భక్తి బయటితో ఆగదు, బానెట్ ఎత్తి ఇంజనుకు కూడా బొట్టు పెడతారు. ఆ పని నేను మీద వేసుకున్నాను. కార్ల గురించి నాకు తెలియనిది లేదని పొద్దుటి నుంచీ వఠారానికి ఉపన్యాసం ఇస్తూ ఉన్నాను. నిజానికి నాకు తెలిసింది కారుకు నాలుగు చక్రాలుంటాయని, ఐదోది వెనక డిక్కీలో ఉంటుందని.

ఆ కార్లో బ్రేకు పెడలుకు ముందు, ఇంజను పక్కన, దోసెల పెనమంత గుండ్రటి రేకు డబ్బా ఉండేది. ఇంజను ఒక రబ్బరు గొట్టంతో ఆ డబ్బాలోని గాలిని పీల్చేస్తూ ఉంటుంది. లోపల ఏర్పడే ఆ ఖాళీనే వాక్యూమ్ అంటారు, బ్రేకు తొక్కేటప్పుడు మన కాలికి సాయం పట్టేది అదే. గొట్టం డబ్బాలోకి దిగే చోట బొటనవేలంత ప్లాస్టిక్ వాల్వు ఉంటుంది. గాలిని బయటికి పోనిస్తుంది, తిరిగి లోపలికి రానివ్వదు. అది విరిగితే బ్రేకు బొత్తిగా పోదు. రాయి అవుతుంది. మామూలుగా తొక్కేదానికి ఎన్నో ఇంతలు బలం పెట్టి తొక్కాలి. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నది. ఆ రోజు నాకు తెలిసిందల్లా, ఆ గొట్టం దండ కట్టడానికి వీలుగా ఉందని.

బంతిపూల దండ చుట్టాను. ముడి బిగించాను. టప్‌మంది.

ఎండకు, నూనెకు పెళుసెక్కిన ప్లాస్టిక్ అది. చెప్పుకు రాసే జిగురు తెచ్చి అతికించి, నల్ల టేపు చుట్టి, దాని మీద పూలు సర్దేశాను. అది బ్రేకుదని నాకు తెలుసా? ఈ ప్రశ్న నాకు నేనే ఎన్నిసార్లు వేసుకున్నానో, వేసుకున్న ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పుకున్నాను. ఆ డబ్బా సరిగ్గా పెడలుకు ఎదురుగానే ఉంది. చూసిన కళ్లు నావి. ఎవరినీ అడగని నోరూ నాదే. పొద్దుటి నుంచీ పండితుడిలా మాట్లాడి, మధ్యాహ్నానికి పాడుచేశానని ఎలా చెప్పను? అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది, నేరానికి కొంచెం గౌరవం ఉండేది.

గుమ్మడికాయ పగిలింది. నిమ్మకాయలు నలిగాయి. పూజయ్యాక కారు వీధి చివరి గుడి దాకా వెళ్లి తిరిగి రావాలి. రాయప్ప గారు నడుపుతున్నారు, పక్కన నేను. గుడి ముందు వాలు. అక్కడ ఒకావిడ బొరుగుల బండి పెట్టుకుని ఉంది, చంకలో పసిబిడ్డ. రాయప్ప గారు బ్రేకు తొక్కారు. ఆయన మోకాలు వణకడం నేను చూశాను. సీటులోంచి లేచిపోయేంత బలంగా తొక్కుతున్నారు. కారు మాత్రం తీరిగ్గా దిగుతోంది. ఆవిడ పక్కకు దూకింది. మేము బండిని గుద్ది, గుడి గోడకు తగిలి ఆగాం. బొరుగులు వర్షంలా కురిశాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రాయప్ప గారు ఆ బిడ్డనే చూస్తున్నారు. మొహంలో నెత్తురు లేదు.

"కాలు బ్రేకు మిందే ఉన్నట్టుండెనప్పా," అన్నారు. "నువ్వు పక్కనే ఉంటివి కదా. చూస్తివా?"

చూశాను. స్పష్టంగా చూశాను.

"జారింది సార్," అన్నాను. "పెడలు మీంచి జారిపోయింది."

"జారిందా," అన్నారాయన. బానెట్ ఎవరూ ఎత్తలేదు. కాలు జారితే ఇంజను చూసేదేముంది?

అక్కడితో ఊరుకున్నా సరిపోయేదేమో. కానీ నేను హాస్యగాణ్ణి కదా. నా చేతికి కథ దొరికింది. వఠారంలో, ఆఫీసు క్యాంటీన్లో, పెళ్లిళ్లలో, చివరికి ఒక పరామర్శకు వెళ్లిన చోట కూడా చెప్పాను. రాయప్ప గారి కాలు పెడలు మీంచి ఎలా లేచిందో, గాల్లో ఎలా తిరిగిందో, ఏ గేరును తన్నిందో అభినయించి చూపించేవాణ్ణి. బొరుగులు వైట్‌ఫీల్డ్ దాకా ఎగిరాయి. మూడు తాలూకాల కాకులు వారం రోజులు వంట మానేశాయి. జనం పొట్టలు పట్టుకునేవారు. ఒకటి రెండుసార్లు రాయప్ప గారి ఎదుటే చెప్పాను. ఆయన కూడా నవ్వారు. ఆయనే నవ్వుతున్నప్పుడు తప్పేముందని అనుకున్నాను.

ఆయన మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆదివారాలు నన్నే నడపమన్నారు. ఎలా కాదనను?

బంపరు సరిచేయిస్తానని ఒక రోజు సెలవు పెట్టి కారు బయటికి తీశాను. వఠారం కళ్లు పడని ఒక ఖాళీ స్థలంలో ఆపి, బ్రేకుల గురించి సంపాదించిన పాత పుస్తకం ముందు పెట్టుకున్నాను. ఇంజను ఆపి పెడలు గట్టిపడేదాకా తొక్కాలట, అలాగే తొక్కిపట్టి ఇంజను స్టార్ట్ చేయాలట. వాక్యూమ్ బాగుంటే పెడలు కాస్త కిందికి దిగుతుందట. దిగలేదు. బానెట్ ఎత్తితే, వాడిన బంతిపూల కింద బుస్సుమని శబ్దం. టేపు ఊడి ఉంది. విరిగిన చోట వేలు పెట్టాను. శబ్దం ఆగింది, వణుకుతున్న ఇంజను కుదుటపడింది. ఆ ఖాళీ నా వేలిని లోపలికి లాగి పట్టుకుంది. లాక్కుంటే వచ్చేస్తుంది, అంత బలమేమీ కాదు. అయినా అలాగే నిలబడ్డాను. దొరికిపోయిన దొంగను పట్టుకున్నట్టు ఉంది. పట్టుకున్నది పోలీసయితే ఎంత బాగుండేది.

జె.సి. రోడ్డులో కొత్త వాల్వు కొన్నాను. పాతదాని మొండెం పట్టకారుతో పీకి, రబ్బరు వాషరు మార్చి, కొత్తది నొక్కి, గొట్టం తొడిగి బిగించాను. మళ్లీ అదే పరీక్ష. పెడలు నా కాలి కింద మెత్తగా దిగింది. జీవితంలో నేను సొంతంగా చేసిన ఒకే ఒక్క మరమ్మతు అది. ఎవరికీ చెప్పుకోలేని మరమ్మతు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు. నేను స్టీరింగు దగ్గర, ఆయన నా పక్కన, జయమ్మ గారు వెనక సీట్లో. నాకు జ్వరం వచ్చినా వెళ్లాను, మా అత్తగారొచ్చినా వెళ్లాను. ఒక చిన్న సంగతి చెబుతాను. ముందు లారీ ఆగినా, ఆవు అడ్డొచ్చినా, నాకన్నా ఒక క్షణం ముందు రాయప్ప గారి కుడికాలు కారు నేలను తొక్కేది. ప్రతిసారీ, సరైన చోట. జారని కాలు నా పక్కనే కూర్చుని వారం వారం సాక్ష్యం చెబుతుంటే నేను రోడ్డు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. కారులోంచి దిగే దారి లేదు. దిగాలంటే చెప్పాలి.

ఒక ఆదివారం, హొసకోటె ఇంకా రాకముందు, ఆయన మెల్లగా అడిగారు.

"ఏమప్పా, రోడ్డు ఖాళీగా ఉండాది. రవ్వంత దూరం నేను పట్టుకొని చూద్దునా?"

ఆయన ఒక్కసారి బ్రేకు తొక్కితే చాలు, పండగ రోజు తొక్కిన రాయికీ దీనికీ తేడా ఆ కాలికి తెలిసిపోతుంది. కారు ఆపి దిగి, సీటు ఇచ్చి, నిజం చెప్పేసి ఉండవచ్చు. రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంది.

"ఆ బొరుగులమ్మను ఒక మాట అడిగి చెబుతాను సార్," అన్నాను.

జయమ్మ గారు పకపకా నవ్వారు. "ఊరికే కూర్చోండప్పా," అన్నారు ఆయనతో. "మీ కాలుకు దండం పెడతా." రాయప్ప గారూ నవ్వి కిటికీ వైపు తిరిగారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

వాల్వు విరగ్గొట్టడం ఒక తప్పు. అబద్ధం ఇంకో తప్పు. వాటిని భయం కింద రాసుకోవచ్చు. కానీ ఆ ఆదివారం నాకు భయానికి వంకే లేదు, కారు బాగైపోయింది, గోడ బాగైపోయింది, బొరుగులామె కొత్త బండి పెట్టుకుంది. మనిషి ఒక్కడు మిగిలాడు. ఆయన్ని బాగుచేయడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట దగ్గర నేను జోకు వేశాను.

కొన్నేళ్లకు కారు అమ్మేశారు. కొనడానికొచ్చిన అతను వీధిలో ఒక చుట్టు తిప్పి దిగాడు. "బ్రేకు బెణ్ణె మాదిరి ఉండాది సార్," అన్నాడు, వెన్నలా ఉందని.

"బండిది ఏం తప్పు లేదప్పా," అన్నారు రాయప్ప గారు. "నా కాలే సరిలేదు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది.

ఇప్పుడు ఆయన లేరు, జయమ్మ గారూ లేరు. క్షమించేవాళ్లు లేని సమయం చూసుకుని రాస్తున్నానని మీరు అనుకుంటే, అనుకోండి. నేనూ అదే అనుకుంటున్నాను. రాసినందుకు ఏదో తేలికైనట్టుంది, అది కూడా సిగ్గుగానే ఉంది.

ఇందులో ఎంత పెంచానో చెబుతానని మొదట్లో అనలేదు, అయినా చెబుతాను. కాకులు నేను పెంచినవే. బొరుగులు గుడి మెట్ల దాకే పడ్డాయి. మిగతాదంతా జరిగిందే, ఒక్కటి తప్ప. నా కథ విని రాయప్ప గారు నవ్వారని రాశాను. కారులోనూ నవ్వారని రాశాను. అది నేను కల్పించాను.

ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. అందరూ నవ్వుతున్నంతసేపూ తల వంచుకుని తన కుడిపాదాన్ని చూసుకునేవారు.