కళాయి పోయిన గుండిగ

విశ్వకర్మ పూజ మర్నాడు, బుధవారం, పొద్దున్న పదిన్నర. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో, నా చిన్నప్పుడు, మా తమ్ముడు సూరి ఆకుపచ్చగా కక్కుకున్నాడు. నిన్న మనవరాలు చింతపండు నానబెడితే ఆ వాసనకి అదంతా మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఈ వయసులో గుర్తు రాకపోతేనే బాగుండేది.

పూజంటే ఆకాశం నిండా గాలిపటాలు, నాన్న పనిచేసే షెడ్డులో ఇంజన్లకు బంతిపూల దండలు, విస్తళ్లలో పొగలు కక్కే కిచిడీ, వేళ్లకంటిన నెయ్యిలో కలిసిపోయిన గ్రీజు వాసన, ఇంటికొస్తే అమ్మ ఇత్తడి గుండిగలో చింతపండు, బెల్లం వేసి కాచిన గుమ్మడికాయ పులుసు. ఆ గుండిగ లోపలి తగరం పూత, అదే కళాయి, అరిగిపోయింది. కళాయి వేసే దాదాని, అంటే బెంగాలీ అన్నని, అమ్మ పిలిచింది. పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదు. "పూజోర్ పొరే ఆష్బో, దీదీ," పూజ అయ్యాక వస్తానని వెళ్లిపోయాడు. అమ్మ అందులోనే వండింది, మిగిలింది అందులోనే ఉంచేసింది. తెల్లారాక సూరిగాడు అడుగుదాకా గీక్కుని తాగేశాడు.

రాగి వంటికి మంచిదని నానమ్మ రాగి చెంబులో నీళ్లే తాగేది. ఇత్తడిలో ఉన్నదీ రాగే. కానీ రాగి వేరు, రాత్రంతా పులుపు తగిలి రాగి ఉప్పుగా, ఆకుపచ్చ చిలుముగా మారితే అది వేరు. రాగిని సుత్తితో కొడితే రేకులా సాగుతుంది, నీళ్లలో కరగదు. ఆ ఉప్పుని కొడితే పొడైపోతుంది, పులుసులో కరిగి కడుపులోకి పోతుంది. యాభై దాటాక అక్షరాలు నేర్చి, మనవరాలి సైన్సు పుస్తకం కూడబలుక్కుంటే నాకీ సంగతి తెలిసింది. అప్పుడు ఎవరికీ తెలీదు.

"ఓలమ్మో, పిల్లడికి ఏటెట్టినావే?" అని నానమ్మ అరిచింది.

"రేతిరి అందరూ తిన్న పులుసేనత్తా," అంది అమ్మ, వాడి తల పట్టుకుని.

నాన్న వాణ్ని భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. సూరి బతికాడు. వాడు ఇంటికొచ్చిన రోజు అమ్మ మాకందరికీ కంచాలు పెట్టి, ముందు తను కలుపుకుని తింది. మగవాళ్లకంటే ముందు కోడలు తినడం మా ఇంట్లో ఎన్నడూ లేదు.

"ఏటే, సిగ్గూ సెరమూ నేదా?" అంది నానమ్మ.

"ముందు నాను తింటాను. నాకేటీ అవకపోతే అప్పుడు మీరు తిందురు."

నాన్న కంచంలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బతికినన్నాళ్లూ అమ్మ అలాగే తింది. ఆమె ముఖం చూస్తూ మేం ఆకలితో కూర్చునేవాళ్లం, అన్నం చల్లారిపోయేది.

ఇప్పుడన్నీ స్టీలే. కళాయి దాదాలు వీధిలోకి రారు, కళాయి వేసేటప్పుడు లేచే పొగ వాసన పిల్లలకు తెలీదు. ఎవరికి ఆకలైతే వాళ్లు తింటారు. మనకోసం ముందు తిని కూర్చునే మనిషి లేదు.

ఆ రోజు కంచాల ముందు కూర్చున్నది నాన్న అప్పలస్వామి, నానమ్మ పైడమ్మ, తమ్ముడు సూరి, రవణమ్మ అనే నేను. తిని, గోడకానుకుని ఎదురుచూసింది అమ్మ సింహాచలం.