డీజిల్ మూత మీది చిల్లు

నా చిన్నప్పుడు మేము సూరత్‌లో, వడోద్ వైపు లూమ్ కార్మికులుండే ఒక గల్లీలో ఉండేవాళ్లం. ఇది కరోనా వచ్చిన మొదటి ఏడాది, వానాకాలం నాటి మాట. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇప్పుడు మా మనవరాలికి కరోనా అంటే పుస్తకంలో ఒక పాఠం, రెండు ప్రశ్నలు. మాకు మాత్రం అది మా నాయినమ్మ ఊపిరి. ముందే చెప్పేస్తున్నాను, నాయినమ్మకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇంకా ఆరేళ్లు బతికి మా అందరి చెవులూ మెలేసింది. కథ మధ్యలో గుండె పట్టుకుని కూర్చోవడం నాకే ఇష్టం ఉండదు, మిమ్మల్నెందుకు కూర్చోబెట్టాలి?

మా తాత చాలా ఏళ్లు మగ్గాల మీద పనిచేసి, ఆ చప్పుడుకు చెవులు సగం పోయాక, ఒక పాత డీజిల్ పికప్ కొనుక్కున్నాడు. లూముల దగ్గర నుంచి రంగుల మిల్లులకు గుడ్డ థాన్లు మోసేవాడు. ఆ బండి నాకంటే పెద్దది. డ్రైవర్ వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తియ్యాలి. అయినా తాతకు అదంటే ప్రాణం. పొద్దున్నే బానెట్ ఎత్తి, కడ్డీ లాగి ఇంజన్ ఆయిల్ చూసి, రేడియేటర్‌లో నీళ్లు చూసి, ఫిల్టర్ కింద చేరిన నీటిచుక్కలు వదిలిపెట్టి, అప్పుడుగానీ చాయ్ తాగేవాడు కాదు. లాక్‌డౌన్‌లో కిరాయిలు లేకపోయినా మూడు రోజులకోసారి గల్లీలోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచేవాడు. పొగకు పక్కింటివాళ్లు తిట్టేవాళ్లు. తాతకు సగమే వినపడేది కాబట్టి సగం తిట్లే తగిలేవి.

నాయినమ్మకు కిడ్నీలు పనిచేసేవి కావు. వారానికి రెండుసార్లు మెషిన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. మేము పోయే చోట ఎవరికో కరోనా తేలి, ఉన్నట్టుండి మూసేశారు. ఒక విడత తప్పిపోయింది. నాలుగు రోజుల్లో నాయినమ్మ ముఖం ఉబ్బి, కాళ్లు స్తంభాలైపోయి, పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే ఉండేది. అమ్మ ఎక్కడెక్కడికో ఫోన్లు చేస్తే, చివరికి బార్డోలీలో ఒక ఆస్పత్రివాళ్లు రమ్మన్నారు. పదకొండు గంటలకు మెషిన్ ఖాళీ అవుతుంది, ఆ వేళకు రాకపోతే వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తామన్నారు. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో వాళ్లే చెప్పలేమన్నారు.

బాపు, అంటే మా నాన్న, ఊరికి పోయి ఇంకా తిరిగి రాలేదు. అమ్మ చంటి తమ్ముణ్ణి వదిలి కదలలేదు. ఆస్పత్రిలో గుజరాతీ కాగితాలు చదవాలి, తాతకు తెలుగే సరిగ్గా చదవడం రాదు. అందుకని నేను బయల్దేరాను. ముందు సీట్లో తాత, కిటికీ వైపు నాయినమ్మ, మధ్యలో గేర్‌రాడ్‌కు మోకాళ్లు తగలకుండా నేను. మూతులకు మాస్కులు, బయట ముసురు.

ఊరు దాటి బార్డోలీ రోడ్డెక్కిన కాసేపటికి బండి నీరసపడింది. తాత ఎంత తొక్కినా వేగం అందుకోక, రెండు మూడు కుదుపులు కుదిపి ఆగిపోయింది. తాత దిగి బానెట్ ఎత్తాడు. చేతి పంపు కొట్టి చూస్తే డీజిల్ పైకి రావడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయిందనుకుని, సీటు కింద దాచుకున్న కొత్తది తీసి బిగించాడు. పావుగంట పైనే పట్టింది. మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ అయింది. తాత ముఖం వెలిగిపోయింది. “చూసినవా, ఫిల్టరే” అని నా తల నిమిరాడు. నూనె చెయ్యి, జడంతా డీజిల్ వాసన.

ఆ సంబరం ఎంతసేపు? కొన్ని కిలోమీటర్లు పోగానే మళ్లీ అదే నీరసం, అవే కుదుపులు, అదే ఆగడం. రెండు వైపులా చెరకు తోటలు. మనిషి అలికిడి లేదు. వెళ్లే బండ్లు కూడా మా బండిలో నాయినమ్మ వాలకం చూసి, కరోనా అనుకుని ఆగకుండా పోతున్నాయి. తాత ఈసారి పైపుల వెంట వేళ్లు పోనిచ్చి ఎక్కడ గాలి పీలుస్తోందో వెతికాడు. ఒక్కో నట్టు వదులు చేసి చూశాడు, మళ్లీ బిగించాడు. ట్యాంకులో డీజిల్ సగానికి పైగా ఉంది, ఇంజన్‌కు మాత్రం చుక్క అందడం లేదు. “ఏమే, జర ఓపిక పట్టు, గిప్పుడే అయిపోతది” అని నాయినమ్మకు చెప్పాడు. నాయినమ్మ ఆయాసపడుతూనే, “నాకేం తొందర లేదయ్యా, ఆ మిషినుకే తొందర” అంది.

ట్యాంకులో డీజిల్ ఉండీ రావడం లేదని తాత గొణుక్కోవడం చెవిన పడగానే నాకు నూనె డబ్బా గుర్తొచ్చింది. మా ఇంట్లో నూనె డబ్బా తెచ్చినప్పుడు అమ్మ మేకుతో రెండు చిల్లులు పొడిచేది. ఒకటి నూనె పోసుకోవడానికి, ఒకటి గాలి లోపలికి పోవడానికి. రెండోది పొడవకపోతే డబ్బా తలకిందులుగా పెట్టినా నాలుగు చుక్కలు కారి ఆగిపోతుంది.

ఇంకా చెప్పలేదు కదా, నేను చేసిన ఘనకార్యం. అంతకుముందు ఏడాది వానలకు డీజిల్‌లో నీళ్లు కలిసి బండి రెండు రోజులు పడుకుంది. తాత ట్యాంకు దింపి కడుగుతూ, ఎక్కడి నుంచి వస్తున్నాయో ఈ నీళ్లు అని పాతికసార్లు అన్నాడు. ఈ ఏడాది కరోనా కదా, ఇంట్లో గిన్నె, గడప, తలుపు గొళ్లెం అన్నీ తుడిచే పని నాది. ఆ ఊపులో బండిని కూడా తుడిచాను. డీజిల్ ట్యాంకు మూత మీద సూదంత చిల్లు కనిపించింది. ఓహో, నీళ్లు పోయేది ఇందులోంచే, పెద్దవాళ్లెవరికీ కనపడనిది నేను కనిపెట్టాను అనుకున్నాను. నల్లా పైపు కారితే పెట్టే లప్పం ఇంట్లో ఉంటే, రెండు ముద్దలు కలిపి పిసికి ఆ చిల్లు మీద అద్ది నున్నగా పాలిష్ చేశాను. ఎండాక అది రాయి అయిపోయింది. వానలు తగ్గాక చెప్పి తాత చేత మెప్పు పొందుదామని ఊరుకున్నాను. గల్లీలో పది నిమిషాలు నడిచినంత మాత్రాన దానితో ఏ ఇబ్బందీ బయటపడలేదు.

ఇప్పుడు చెప్పాలి. నోరు రాలేదు. నాయినమ్మ గొంతులో గురగుర వినపడుతోంది. ఈమెకు ఏమైనా అయితే చంపింది నేనే అనిపించింది. చెప్తే తాత కొడతాడని కాదు, తాత ఎప్పుడూ కొట్టలేదు. నా వైపు ఒక్క చూపు చూస్తాడే, ఆ చూపుకు భయం. పదకొండేళ్ల బుర్ర అది, చెప్పకపోతే దానంతటదే బాగవుతుందేమో అని దేవుళ్లందరికీ మొక్కింది. సిగ్గుచేటు, కానీ జరిగింది అదే.

తాత ఉన్నట్టుండి పానా కింద పడేశాడు. పాత లుంగీ ముక్కతో చేతులు తుడుచుకుని, నాయినమ్మ వైపు తలుపు తీసి, ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు. కోపం లేదు, కేకలు లేవు. “మా కార్ఖానల థాను ఖరాబైతే ఎవడు జేసిండని అడగకపోయేది బిడ్డా,” అన్నాడు, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ. “మంచిగ నడిచిన కాడికెళ్లి ఇప్పటిదాంక ఎవరెవరం ఏమేం ముట్టుకున్నమో చెప్పుకునేది. అందరికంటే పెద్దోడు ముందుగాల చెప్పాలె. నేనే చెప్త.”

వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. బ్యాటరీ వైర్లు బిగించాడు. బెల్టు మార్చాడు. పోయిన వారం డబ్బాలో తెచ్చిన డీజిల్ వడకట్టకుండా పోశాడు. తర్వాత గొంతు తగ్గించి, “పొద్దుగాల ఆయిల్ చూసిన అన్న గదా. చూడలే. కడ్డీ తీసిన, తుడిసిన, పెట్టిన. దాని మీది గీతలు నాకు కనబడ్తలెవ్వు. మూడు నెలలాయె. ఊకెనే మంచిగుంది అంటున్న” అన్నాడు.

నాయినమ్మ తాత ముఖంలోకి చూసింది. బండి విషయంలో ఆయన తప్పు ఒప్పుకోగా ఆమె ఎన్నడూ వినలేదు. ఆమె దమ్ము తీసుకుని, “నేను ముట్టుకున్నది ఈ సీటొక్కటే. కానీ రాత్రి మీరంత పండుకున్నంక రెండు గిలాసల నీళ్లు తాగిన. దూప ఆగలే” అంది. ఆమెకు నీళ్లు కొలిచి ఇవ్వాలని డాక్టరు చెప్పాడు. ఆ కొలత చూసే పని కూడా నాదే.

ఇక నా వంతు. నన్ను ఎవరూ అడగలేదు, నా వైపు చూడలేదు కూడా. “తాతా, డీజిల్ మూతకున్న చిల్లు నేను మూసిన” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. సగం చెవుల తాతకు మాత్రం ఆ రోజు మొదటిసారికే వినపడింది.

లేచి పరుగున పోయి మూత తిప్పాడు. సుయ్‌మని ఎంత పొడుగ్గా శబ్దం వచ్చిందో! లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. ఇందాక ఫిల్టర్ విప్పి ఉంచినంతసేపు కాస్త గాలి పోబట్టే మధ్యలో ఆ కొన్ని కిలోమీటర్లయినా నడిచింది. తాత మూత చేతిలో తిప్పి నా లప్పం చూశాడు. “ఊపిరాడకనే ఆగింది, పాపం. ఇంకేం లేదు” అన్నాడు. ఆ “ఇంకేం లేదు” అన్నప్పుడు ఆయన భుజాలు దిగడం నాకిప్పటికీ కనిపిస్తుంది. మూత పక్కన పడేసి, థాను నుంచి చించిన పలచటి గుడ్డ ముక్క ట్యాంకు మూతికి కప్పి, పీలికతో కట్టాడు. పంపు కొట్టగానే డీజిల్ వచ్చింది. బండి బుద్ధిగా స్టార్ట్ అయి, బార్డోలీ దాకా ఒక్క కుదుపు లేకుండా పోయింది. నేను దారంతా ఏడుస్తూనే ఉన్నాను. నాయినమ్మ తన కొంగుతో నా ముక్కు తుడిచి, మాస్కు సరిచేసి, చూపు రోడ్డు మీదే పెట్టింది.

మేము చేరేసరికి పదకొండున్నర దాటింది. నేను దిగి లోపలికి ఉరికాను. కౌంటర్‌లో ఉన్న అక్క కాగితాలు తిరగేసి, గుజరాతీలో, మీ ముందు పేషెంట్‌ది ఇంకా పూర్తి కాలేదు, పొద్దున కరెంటు పోయి అన్నీ ఆలస్యమయ్యాయి, కూర్చోండి అంది. నాకు ఆ మాట సరిగ్గా అర్థమైందో లేదో నమ్మకం కుదరక ఇంకోసారి చెప్పించుకున్నాను. తర్వాత అక్కడే నేల మీద కూలబడ్డాను. కరెంటు పోయినందుకు జీవితంలో నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

నాయినమ్మను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. నాలుగు గంటలు పడుతుందన్నారు. తాతా నేనూ బండిలో కూర్చుని అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. తిట్లు ఇప్పుడు పడతాయని ఎదురుచూశాను. పడలేదు. నాకు లోలోపల ఒక అనుమానం మొదలైంది. ఆయిల్ గీతలు కనపడటం లేదన్న మాట తాత కావాలనే కల్పించాడేమో, నా చేత నోరు విప్పించడానికి వేసిన ఎత్తేమో అని. పెద్దవాళ్లు అట్లా చేస్తారు కదా.

వాన వెలిసింది. తాత బానెట్ ఎత్తి, కడ్డీ లాగి తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఈసారి దాన్ని నా చేతికిచ్చాడు. “జర నువ్వు చూడు బిడ్డా, యాడిదాంక ఉంది” అన్నాడు. కడ్డీకి రెండు గీతలున్నాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్యా ఉండాలి. కింది గీతకు కూడా వేలెడు దిగువన, కొసకు మాత్రం నల్లగా అంటుకుని ఉంది. చూసింది చూసినట్టు చెప్పాను. తాత కడ్డీ తీసుకుని కొసను వేలితో తడిమి చూశాడు. ఇంకొన్నాళ్లు అట్లాగే నడిపి ఉంటే ఇంజనే పోయేదని నాకు తర్వాత చెప్పాడు. ఆ పూట రోడ్డవతల దుకాణంలో ఆయిల్ డబ్బా తెచ్చి, నేను కడ్డీ చూసి ఆపమనే దాకా పోశాడు.

నాయినమ్మ తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది. ముఖం వాపు తగ్గి, కళ్లు మళ్లీ పెద్దవయ్యాయి. రావడం రావడమే, “రొట్టె మొత్తం మీరే మింగిండ్రా?” అని అడిగింది. మేమిద్దరం ఎంత నవ్వామో, ఆస్పత్రి వాచ్‌మన్ బయటికొచ్చి చూశాడు. ఇంటికొచ్చాక తాత మేకు కాల్చి, ఆ మూతకు చిల్లు మళ్లీ పొడిచాడు. మూత పట్టుకుంది నేనే.

ఆ తర్వాత నేను ముప్పై ఏళ్లు రంగుల మిల్లులో పనిచేశాను. లాట్‌కు లాటే రంగు తిరిగిపోయిన రోజులున్నాయి. అందరం చుట్టూ నిలబడేవాళ్లం, ఎవరికీ నోరు పెగిలేది కాదు. నేను ఏమేం ముట్టుకున్నానో నేనే ముందు చెప్పేదాన్ని. ఇంట్లో నా పిల్లల దగ్గరా అంతే, ఇప్పుడు మనవరాలి దగ్గరా అంతే. వాళ్లు నోరు విప్పాలని ఏదో చిన్న తప్పు కల్పించి చెప్పడం చాలా సులువు. నేను ఆ పని చెయ్యను. నిజంగా సిగ్గుపడేదే, దాచుకుందామనుకున్నదే చెప్తాను. కడ్డీ చేతికిస్తే పిల్లలకు గీతలు కనపడతాయి, మనం చెప్పింది నిజమో కల్పనో తెలిసిపోతుంది.