అక్క పాడిన ట్రాకులు

మా అక్క నా స్టూడియోలో తొమ్మిదేళ్లు పాడింది. ఆమె పాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ ముందు అవే చెప్పాలి.

కాజీపేటలో మా ఇంటి మీది గదే నా స్టూడియో. చర్చి పాటలు, పెళ్లి పాటలు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు, ఏది వస్తే అది రికార్డు చేస్తాను. గోడలకు ఎంత స్పాంజి కొట్టినా రైలు కూత ఆగదు. కూత వస్తే పాడేవాళ్లే ఆగాలి. పేరున్న గాయకులు హైదరాబాద్ నుంచి ఒక పూట కోసం వస్తారు. వాళ్లకు కూర్చుని బాణీ నేర్చుకునే తీరిక ఉండదు. అందుకని ముందే ఎవరో ఒకరు పాట మొత్తం పాడి పెట్టాలి. దాన్నే మేం ట్రాక్ అంటాం. గాయని హెడ్‌ఫోన్‌లో ఆ ట్రాక్ వింటూ, దాని వెంటే తన గొంతుతో పాడుతుంది. స్లాబు వేసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ చెక్కలాంటిది ట్రాక్. స్లాబు గట్టిపడ్డాక చెక్క ఊడదీస్తారు.

ట్రాకులన్నీ అక్కే పాడేది. వారమంతా బడిలో టీచరు, ఆదివారం చర్చిలో క్వయర్. బడి వదలగానే వచ్చి, కొంగు నడుముకు దోపి మైకు ముందు నిలబడేది. నేను వాడే ప్రతి మాటకూ అర్థం అడిగేది.

"గెయిన్ అంటే వాల్యూమే కద తమ్మీ?"

కాదక్కా అని చెప్పేవాణ్ని. మైకులోంచి లోపలికి ఎంత తీసుకోవాలన్నది గెయిన్. అలా తీసుకున్నది బయటికి ఎంత వినబడాలన్నది వాల్యూమ్. ఒకటి ట్యాంకులోకి వచ్చే నీళ్లు, ఇంకోటి నల్లాలోంచి పడే నీళ్లు. నాయిస్ గేట్ సంగతి కూడా చెప్పాను. పాడుతున్నప్పుడు అది తెరిచి ఉంటుంది, పాట ఆగగానే మూసుకుంటుంది. మధ్యలో ఫ్యాను చప్పుడు, కుర్చీ కిర్రుమనడం రికార్డులో వినబడవు.

"మన కాజీపేట రైలు గేటు కంటె నయమే, ఇదన్న జల్ది తెరుసుకుంటది" అని నవ్వింది.

నాకు ఒళ్లు మండే మాట మాత్రం బ్లీడ్. హెడ్‌ఫోన్‌లో మోగే ట్రాక్ సన్నగా బయటికి కారి గాయని మైకులో పడుతుంది. ఆమె ఊపిరి తీసుకునే సందులో వెనక ఇంకో గొంతు వినబడుతుంది. ఒకసారి నేను ఏకంగా ట్రాక్‌నే ఆపడం మరిచి పాట పంపేశాను. "నా కింద పాడేది ఎవరు?" అని ఆ గాయని ఫోన్లో కడిగేసింది. ఆ రోజే ఒక రూలు పెట్టుకున్నాను. అసలు గొంతు ఓకే అయిన నిమిషమే ట్రాక్ డిలీట్ చేయాలి. బ్లీడ్ ఉంటే గేటు పెట్టి ఆ సందులన్నీ కోసేయాలి. నా పని శుభ్రంగా ఉంటుందని పేరొచ్చింది. నేనూ మీసం మెలేశాను.

అక్క ఒక్కసారి అడిగింది. "గీ పాట నా ఫోన్లకు పంపరాదు తమ్మీ, మంచిగనిపించింది."

"ట్రాక్ ఎవరన్న వింటరా అక్కా? అసలుది తయారైనంక పంపుత తియ్యి" అన్నాను. పంపాను కూడా. అందులో ఆమె లేదు.

పోయినేడాది అక్కకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ గొంతు నరానికి అతుక్కుని ఉందని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణానికి భయం లేకుండా బయటపడింది, గొంతు మాత్రం పోయింది. ఇప్పుడు మాట గుసగుసగా, గాలితో కలిసి వస్తుంది. ఆరు నెలలు చూద్దామన్నారు, చూశాం. ఇక రాదని తేల్చిన రోజు దవాఖాన నుంచి ఆటోలో వస్తుంటే అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"నేను పాడింది ఒక్కటన్న ఉంటది కద నీ తాన? ఒక్కసారి ఇనాలనున్నది."

"ఉంటదక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను. అది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు.

ఫోన్లన్నీ వెతికాం. చర్చి వీడియోల్లో ఇరవై గొంతులు, వాటి మీద కీబోర్డు. ఎవరైనా ఫోన్లో ఆమె పాట రికార్డు చేయబోతే, తమ్మునికి స్టూడియో ఉన్నంక ఇదెందుకని వద్దనేదట. నా హార్డ్ డిస్కులు నాలుగూ తీశాను. పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ నడిపాను. పాతవి ఉన్న చోట్లోకే కొత్త పాటలు ఎన్నో వచ్చి చేరాయి, ఏమీ రాలేదు. పూర్తయిన పాటల్లో వాయిద్యాలు ఆపి, గాయని గొంతు ఒక్కటే పెట్టి సందులన్నీ విన్నాను. గేటు ఎంత బాగా పనిచేసిందో అప్పుడు తెలిసింది. లైనుకూ లైనుకూ మధ్య చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. నా చేతులు నేనే విరగ్గొట్టుకోవాలనిపించింది.

పదకొండో రోజు, పనికిరావని పడేసిన టేకుల ఫోల్డరులో ఒకటి దొరికింది. ఒక గాయనికి తన గొంతు తనకు వినబడాలని ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి పాడే అలవాటు. అలా జరిపితే ట్రాకంతా మైకులోకి కారిపోతుంది. ఆ రోజు ఆమె మీద విసుక్కుని, ఆ టేకు పక్కన పడేసి, రెండు చెవులూ మూయించి మళ్లీ పాడించాను. పడేసిన దాన్ని ఎవరు శుభ్రం చేస్తారు? అందుకే మిగిలింది. చరణం దగ్గర గాయని ఆలస్యంగా ఎత్తుకుంది. ఆ ఖాళీలో వెనక నుంచి అక్క ఒక లైను మొత్తం పాడింది. ఎనిమిది సెకన్లు. శబ్దం పెంచితే అక్కతో పాటు బుస్సుమనే రొద కూడా పెరిగింది. రొద తీసే సరంజామా అంతా నా దగ్గరుంది. తీస్తే ఆమె గొంతు కూడా ఎంతో కొంత పోతుందని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున అక్కను పైకి పిలిచాను. నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. ఎనిమిది సెకన్లు అయిపోయాయి. మళ్లీ అని వేలు చూపింది. మళ్లీ పెట్టాను. నాలుగోసారి కళ్లు మూసుకుంది. పెదాలు పాటకు సరిగ్గా కదిలాయి, నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. నేను చూడలేక స్క్రీను వైపు తిరిగాను.

ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గింత మంచిగ పాడేదాన్నా నేను?" అంది ఆ గాలి గొంతుతో.

"అవునక్కా."

"ఒక్కనాడు సుత చెప్పకపోతివి గద తమ్మీ."

తొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆమెతో నేనన్న మాటలు వెతుక్కున్నాను. శ్రుతి జర తగ్గింది, ఇంకోసారి. మైకుకు దగ్గరికి రా. ట్రాకే కదక్కా, సరిపోతది. వాటిలో పెద్ద మెచ్చుకోలు ఆ చివరిదే.