అక్క దోసిలి

మొన్న మానుకోటలో (మహబూబాబాద్ అనడానికి మా ఈడు వాళ్లకు ఇంకా నోరు తిరగదు) డాక్టరమ్మ నా వేళ్లు నొక్కి చూసి, ఇది కీళ్లవాతమని, ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి ఒంటి మీదికి తిరగబడిందని చెప్పింది. అది కీళ్ల మీద పడితే పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటాయట, చర్మం రంగు మీద పడితే బొల్లి, థైరాయిడ్ మీద పడితే నీరసం. ఒకదానికి వారానికోసారి మాత్ర, ఒకదానికి పూత మందు, ఇంకోదానికి రోజూ పరగడుపున మాత్ర. ఎందుకు తిరగబడుతుందో తమకూ పూర్తిగా తెలియదంది. ముక్కుకు అటూ ఇటూ చెంపలు ఎర్రబారి, ఎండకు మండి, కీళ్లు వాచి జ్వరమొస్తే అది లూపస్ అని ఆమె అనగానే నాకు మా అక్క గుర్తొచ్చింది. ఇవేవీ అంటుకోవట. ఆ ఒక్క మాట నలభై ఏళ్ల కింద మా ఇంట్లో ఎవరన్నా చెప్పి ఉంటే!

కురవి దగ్గర మా ఊళ్లో, నాట్ల కాలంలో మొదలయ్యాయి అక్కకు ఆ ఎర్రమచ్చలు. అంటురోగమని, ఒకరి పొలంలో ఒకరు వేసే బదులు నాట్లకు పిలవడం మానేశారు, సద్ది తినేటప్పుడు పక్కన ఎవరూ కూర్చోలేదు. ఊరి సంగతి అటుంచండి, కన్నతల్లి, మా అవ్వే, కంచం వేరు పెట్టి, నీళ్లు చెంబుతో దోసిట్లోకి ఎత్తి పోయమని నాకు చెప్పింది. పసరు పూయడం, వీరన్న దేవుడికి మొక్కడం, అవే వైద్యాలు. ఛీ, ఏం మనుషులం! ఒకే కడుపున పుట్టి, ఒకే పొయ్యి మీది అన్నం తిని, దాహానికి మాత్రం దోసిలి. తలచుకుంటే నా మీద నాకే రోత, ఆ చెంబు పట్టుకున్నది నేనే కాబట్టి.

ఒక మధ్యాహ్నం జ్వరంతో కాలిపోతూ అక్క దోసిలి పట్టింది. వాచిన వేళ్లు దగ్గరకు రాక, పోసిన నీళ్లు పోసినట్టే సందుల్లోంచి కారిపోయాయి.

“వేళ్లు కలుస్తలేవు చెల్లె. గిలాసల పొయ్యి, జర.”

గూట్లో నా గ్లాసు ఉంది. ఇవ్వలేదు. ఇంకాస్త ఎత్తు నుంచి ఇంకో చెంబు పోశాను. అక్క తడిసిన అరచేతులు నాకింది. మళ్లీ నాట్ల దాకా ఆమె బతకలేదు.

మొన్న మాత్ర వేసుకోబోతే నా వేళ్లు నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాయి. మనవరాలు తాను తాగుతున్న సీసానే నా నోటికి పెట్టింది. ఎంగిలి వద్దు, అంటుతదేమోనని పాత భయమే నా నోటికొచ్చింది.

“గిదేమన్న అంటుతదా అమ్మమ్మా, తాగు” అని, నేను తాగాక మిగిలినవి తానే తాగేసింది.

మందులొచ్చాయి, దవాఖానలు దగ్గరయ్యాయి, పిల్లలకు మాకు లేని తెలివి వచ్చింది, సంతోషమే. కానీ అక్క అడిగిన గ్లాసు ఆ రోజుల్లోనూ మా ఇంట్లో ఉంది.