దేనితోనూ పోని నంబరు

ఎం.ఎస్సీ. లెక్కలు పాసైన ఆ రోజుల్లో నా కాలు నేల మీద ఆనేది కాదు. ఇంట్లో ఎవరు ఏ అంకె పలికినా అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చందే అన్నం ముట్టేదాన్ని కాదు. (మా అమ్మ పాలవాడితో కూడా నాకు వినపడకుండా మాట్లాడుకునేది, పాపం.) అప్పుడే గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా మేనమామ, దర్శి నుంచి వచ్చిన స్నేహితుడితో కలిసి కొత్త కొట్టు పెట్టాడు. అంతకు ముందు భాగస్తులతో చెడి ఉన్నాడేమో, ఇదెక్కడ చీలిపోతుందోనని ఒకటే బెదురు. కొట్టుకి మంచి ఫోన్ నంబరు కోసం సంఖ్యాశాస్త్రం చెప్పే ఆయన దగ్గరికి బయల్దేరుతుంటే నేను అడ్డం పడ్డాను.

సిమ్ కార్డుల షాపువాడు ఇచ్చిన నంబర్లలో రెండుతోనూ అయిదుతోనూ పోనివి చూపుతోనే ఏరి, మిగతా పని కంప్యూటరుకి అప్పజెప్పాను. ఏడు నుంచి లక్ష దాకా ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడమన్నాను. (పది అంకెల సంఖ్యకి వర్గమూలం లక్ష దాటదు కాబట్టి అంతవరకూ చూస్తే చాలు.) ఒక నంబరు దేనికీ లొంగలేదు. ఒకటీ, తానూ తప్ప దీన్ని భాగించే సంఖ్య ఈ లోకంలోనే లేదని యార్డులో రైతులందరి ముందూ ఉపన్యాసం దంచాను. మామయ్యకు అందులో ఒక్క ముక్కే పట్టింది.

"అయితే ఇది చీలదంటావా, అమ్మాయ్?"

"చచ్చినా చీలదు మామయ్యా."

బోర్డు మీదా, గోతాల మీదా, క్యాలెండర్ల మీదా అదే నంబరు వేయించాడు.

ఒకరోజు కొట్టు ముందు టీ తాగుతూ గోతాం మీది అంకెల్ని ఊరికే కూడాను. వచ్చిన మొత్తం మూడుతో పోయింది. మొత్తం పోతే నంబరూ పోతుందని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఏడు నుంచి మొదలుపెట్టమన్న మహాతల్లిని, మూడు సంగతే మరిచాను! సిగ్గుతో టీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. చెబితే మామయ్య ధైర్యం చెడుతుందని నోరు మూసుకున్నాను. ఆయనేమో వచ్చినవాళ్ళకల్లా నంబరు పెట్టింది మా మేనకోడలేనని చూపించేవాడు. నాకు గోతాల సందున దూరిపోవాలనిపించేది. లెక్చరర్‌నయ్యాక కూడా ఆ కొట్టున్న వీధి తప్పించుకునే తిరిగాను.

మొన్న వేసవిలో ఇక ఆగలేక, కాయ విరిచి చూసుకుంటున్న మామయ్య పక్కన కూర్చుని చెప్పేశాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తెలుసమ్మా. బోర్డు రాయించిన రోజే మీ అత్తయ్య కూడి చెప్పింది."

"మరి మార్చలేదేం?"

"అంతమంది ముందు చెప్పావు. మారిస్తే నీ పరువేం కాను? ఈ సంగతి నీ చెవిన పడనివ్వద్దని మా దర్శి ఆయన నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు."

నంబరు గుట్టు బయటపడితే వాళ్ళిద్దరూ విడిపోతారేమోనని ఇన్నేళ్ళూ నేను బెంగపడితే, వాళ్ళు నా కోసం ఒకే మాట మీదుండి హాయిగా వ్యాపారం చేసుకున్నారు. ఇంటికొస్తూ దారంతా నవ్వుకున్నాను, మధ్యమధ్య కళ్ళు తుడుచుకున్నాను. ఆ పొగరుబోతు పిల్లను వాళ్ళంత ముద్దుగా కాచుకున్నారని ఆ పిల్లకి అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేది.